రంగు వేయని రాజు

రాక్షసరాజుకు రంగు వేయడానికి ఒక్కరూ ముందుకు రాలేదు.

ఏనుగు కోసం ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. మంటకు రంగు వేస్తామని నలుగురు ఎగబడ్డారు. గోడ మీద బొగ్గుతో గీసిన రాజకుమారుడి పక్కన సాలోమోను ముందే వెళ్ళి నిలబడి, "గీ పిలగాడు నావోడు, ఎవ్వలు ముట్టద్దు" అని తేల్చేశాడు. రాజు మాత్రం గోడకు నట్టనడుమ, గద్దె మీద, దిండుకు ఆనుకుని, పిలవని పేరంటానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు.

"రాజుకెవలేస్తరు రంగు?" అని గంగామణి అడిగింది.

"ఆయన చెడ్డోడు గద పంతులమ్మా! మేమెయ్యం."

పాతిక మంది పిల్లలూ ఒకటే మాట. గంగామణికి లోపల సంతోషమే వేసింది. కథ వాళ్ళ ఒంట్లోకి దిగిందన్నమాట. పోయిన వానాకాలంలో ఇదే పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని నోటితో పండుగ కథ చెబితే సగం మంది నిద్రపోయారు, మిగతా సగం పక్కవాడి ముక్కు గిల్లారు. బతుకమ్మకు నేల మీద ముగ్గుతో పూలూ, నడుమ ఒక అవ్వనూ గీసి, రంగుల ఇసుకతో నింపమంటే మాత్రం ఎవడూ నిద్రపోలేదు. నింపుతూ నింపుతూ వాళ్ళే అడిగారు: గీ పువ్వేంది, గీ అవ్వెవలు, ఎందుకేడుస్తుంది అని. చిన్నపిల్లలకు కథ చెవిలోంచి పోదు, చేతిలోంచి పోతుందని ఆ రోజు ఆమెకు అర్థమైంది. అందుకే ఈ కాముని పున్నమకు కథంతా గోడకెక్కించింది.

రంగులు కొనే దిక్కు లేదు. మహిళామండలి బాల్వాడికి ఇచ్చేది పలకలూ, ఒక పాత గంటా, పాలపొడి డబ్బాలూను. అయితేనేం, మోదుగుపూలు నానబెడితే కాషాయం వచ్చింది. చిక్కుడాకు నూరితే పచ్చ, ఇటుక రాస్తే ఎరుపు, బొగ్గు ఉండనే ఉంది. పసుపుకైతే వీధి దాటే పని కూడా లేదు. బాల్వాడి నడిచేది లింబాద్రి సేటు పాత పసుపు గోదాములో. నేల బండల సందుల్లో పుల్ల పెట్టి గీకితే ఏనాటి పసుపో పిడికెళ్ళకొద్దీ వచ్చేది. దానికి తుమ్మబంక నీళ్ళు కలిపి, వేపపుల్ల కొసకు గుడ్డపేలిక చుట్టి పిల్లల చేతికిచ్చింది. చీనా యుద్ధం అయిన మరుసటి సంవత్సరం అది. ఆర్మూరులో ఏ వస్తువు ధర అడిగినా యుద్ధం పేరు చెప్పేవాళ్ళు. పసుపు గీకిన పిల్లలకు మాత్రం అంతా ఉచితమే.

"సత్తీ, నువ్వెయ్యే రాజుకు" అంది గంగామణి.

సత్తవ్వకు అయిదేళ్ళు. పక్కనే ఉన్న సేటు కల్లంలో పసుపు కొమ్ములకు మెరుగు పట్టే మంగవ్వ కూతురు. ఏది ఇస్తే అది తీసుకునే పిల్ల. పెట్టింది తినే పిల్లకు ఎప్పుడూ అడుగున మిగిలిందే దక్కుతుంది. రాజునూ, రాజు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ ఇద్దరు భటులనూ గంగామణి దానికి ఒప్పజెప్పింది.

సత్తి రాజు ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది.

"పంతులమ్మా, రాజు ఏం పని చేస్తడు?"

"రాజెందుకు పని చేస్తడే? గద్దె మీద కూసుంటడు. గీన్ని కొట్టుండ్రి, గాన్ని మంటల ఎయ్యుండ్రి అని చెప్తడు. చేసెటోళ్ళు వేరే ఉంటరు."

"గీళ్ళా?" అని భటుల్ని చూపించింది సత్తి.

"ఆఁ, గాళ్ళే."

సత్తి తలూపి, పసుపులో గుడ్డ ముంచి, భటుల చేతుల దగ్గర మొదలుపెట్టింది. వేళ్ళు, మణికట్టు, మోచేతి దాకా. అంతవరకు వేసి ఆగిపోయింది. ఆ రోజే కాదు, మరునాడు కూడా రాజును ముట్టలేదు.

గంగామణికి దాన్ని పట్టించుకునే తీరిక లేదు. పున్నమ నాడు బ్లాకు ఆఫీసు నుంచి అమ్మగారు బాల్వాడి చూడడానికి వస్తున్నారు. మండలి అధ్యక్షురాలు శంకరమ్మ, అంటే లింబాద్రి సేటు భార్య, ఆమెను వెంటబెట్టుకొస్తుంది. పంతులమ్మ ఉద్యోగం ఉగాది నుంచి ఉగాది వరకే. ఏటేటా శంకరమ్మ కొత్త కాగితం మీద సంతకం చేయాలి. ఆ సంతకం పడకపోతే గంగామణికి జీతమొక్కటే కాదు, గోదాము వెనక తల దాచుకునే గది కూడా పోతుంది. పున్నమ తర్వాత పదిహేను రోజులకు ఉగాది.

స్తంభం మాత్రం అందరి కోసం అట్టిపెట్టింది. రాజుకు కుడివైపున నిలువెత్తు స్తంభం. దాన్ని గుడ్డతో కాదు, చేతులతో వేయమంది. పిల్లలు అరచేతులు పసుపులో ముంచి ఒకరి మీద ఒకరు పడుతూ స్తంభమంతా అద్దారు. అడుగున చిన్న చేతులు, పైన కొంచెం పెద్ద చేతులు. అన్నిటికంటే పైన గంగామణి చెయ్యి.

"గిండ్ల దేవుడున్నడా పంతులమ్మా?" అని సాలోమోను స్తంభానికి చెవి ఆనించాడు. వాళ్ళ నాన్న దవాఖానలో కాంపౌండరు. దేనికైనా చెవి పెట్టి వినడం వాడికి ఇంట్లోనే అబ్బింది.

"ఉన్నడు."

"మరెప్పుడొస్తడు?"

"పున్నమ నాడు చెప్త. అందరి ముందట చెప్త."

*

సాయంత్రం కల్లం గంట కొట్టాక మంగవ్వ కూతురి కోసం వచ్చింది. పొద్దంతా ఆమె, ఇంకొకామె కలిసి గోనెసంచి చెరో కొసా పట్టుకుని ఊపుతారు. ఎండిన కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని పొట్టు రాలుతుంది. మధ్య మధ్య పసుపునీళ్ళు చల్లి మళ్ళీ ఊపుతారు. రాయిలాంటి కొమ్ము బంగారంలా అయ్యేదాకా ఊపుడే ఊపుడు. అందుకే మంగవ్వ నిలబడ్డప్పుడు కూడా భుజాలు కొద్దిగా ఊగుతున్నట్టే ఉంటాయి. మోచేతుల దాకా పసుపు. ఎంత రుద్ది కడిగినా గోళ్ళ సందుల్లోంచి పోదు. పెళ్ళికూతురికి మూడు రోజులుండే రంగు ఆమెకు ఏడాదంతా ఉండేది. ఆమెకు మాత్రం ఎవరూ మంగళహారతి పట్టలేదు.

"మా సత్తి గోడలు ఖరాబు చేస్తుందా పంతులమ్మా?"

"ఖరాబేంది మంగవ్వా! సూడు ఎంత మంచిగేసిందో."

మంగవ్వ గడప దాటి రాలేదు. ఒంటి మీది పసుపు నేల మీద రాలుతుందని అక్కడే నిలబడి, మెడ ముందుకు చాచి గోడ చూసింది. ఏనుగును చూసింది, మంటను చూసింది, రాజును చూసింది. చటుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం నవ్వుతున్నవ్?"

"ఏం లేదు పంతులమ్మా." కళ్ళు మాత్రం ఇంకా నవ్వుతున్నాయి. గంగామణిని ఒకసారి ఎగాదిగా చూసింది, కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టు. "ఉగాది దాటినంక సత్తిని పెద్ద బడిల ఏస్తవా? నువ్వు చెప్తే తీస్కుంటరట గద."

"ఏస్త. ఎందుకెయ్య?"

"గంతే సాలు" అంది మంగవ్వ. "దానికి సంచి ఊపుడు రావద్దు. గదొక్కటే నా ఫికర్."

*

పున్నమ నాడు గోదాము కిటకిటలాడింది. బ్లాకు అమ్మగారు ఖద్దరు చీరలో వచ్చింది. శంకరమ్మ పట్టుచీరలో వచ్చింది. లింబాద్రి సేటు ఉతికిన మల్లెపువ్వులాంటి ధోవతి కట్టుకుని, నల్ల టోపీ పెట్టుకుని, పిల్లలకు పంచడానికి చక్కెర పేర్ల బుట్ట పట్టించుకుని వచ్చాడు. కాముని పున్నమకు పిల్లల మెడలో చక్కెర బిళ్ళల దండ వేయడం ఊరి ఆనవాయితీ. కల్లంలో పని ఆగిపోవడంతో హమాలీలు, మెరుగు పట్టే ఆడవాళ్ళు గుమ్మం బయట గుంపు కట్టారు.

ఒక్కొక్క పిల్ల తను రంగు వేసిన బొమ్మ పక్కన నిలబడి దాని సంగతి చెప్పింది. ఏనుగుకు రంగు వేసిన పిల్ల అది ఎందుకు తొక్కనన్నదో చెప్పింది. మంట పిల్లలు నలుగురూ ఒకేసారి అరిచారు: మేనత్త పిలగాణ్ణి ఒళ్ళె కూసోబెట్టుకుని మంటల కూసుంది, ఆమెనే కాలింది, పిలగాడు కాలలె, గందుకే మనం కాముణ్ణి కాలబెడ్తం! సాలోమోను చేతులు వెనక్కి కట్టుకుని, "నువ్వే దేవునివని అనుమన్నడు మా నాయిన. నేను అన. సంపినా అన" అన్నాడు. నిజంగానే వాడి గొంతు వణికింది. బ్లాకు అమ్మగారి కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇంత చిన్నపిల్లలకు ఇంత పెద్ద కథా!" అంది ఆమె శంకరమ్మతో. "మీ పంతులమ్మను వేరే ఊళ్ళకు పంపించి నేర్పించాలండీ."

గంగామణికి నేల మీద కాళ్ళు ఆనలేదు. ఉగాది కాగితం మీద సంతకం అప్పుడే పడిపోయినట్టనిపించింది.

అప్పుడు సత్తి వంతు వచ్చింది.

"నువ్వు రాజుకు రంగే వేయలేదేం తల్లీ?" అని అమ్మగారు వంగి అడిగింది.

"ఏసిన గద" అంది సత్తి. "గీళ్ళకేసిన. గీళ్ళు పని చేస్తరు, గందుకే చేతులు పచ్చగున్నయి. రాజు పసుపు ముట్టడు. ఉత్తగ గద్దె మీద కూసుంటడు. గందుకే తెల్లగున్నడు."

గుమ్మం బయట చాంద్ పాషా అనే హమాలీ ఉన్నాడు. బస్తా మోసే మెడ అడ్డంగా తిప్పి గోడను ఒకసారి, సేటును ఒకసారి చూశాడు. "అరె, మన సేటే!" అన్న మాట వాడి నోట్లోంచి జారిపోయింది.

నవ్వు గుమ్మంలో మొదలై లోపలికి వచ్చింది. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బ్లాకు అమ్మగారు పెదవి కొరుక్కుని పక్కకు తిరిగింది. పిల్లలకు ఎందుకో తెలియకపోయినా నలుగురితో పాటు కిలకిలా నవ్వారు. అప్పుడు గంగామణి మొదటిసారి తను గీసిన బొమ్మను చూసింది. పైకి లేపి పెట్టిన ఎడమ మోకాలు. దాని మీద వాల్చిన ఉంగరాల చెయ్యి. దిండులోకి దిగిపోయిన వీపు, బానలాంటి పొట్ట, టోపీలాంటి కిరీటం. నెలనెలా జీతానికి వెళ్ళి సేటు గద్దె ముందు నిలబడి నిలబడి, కూర్చున్న దొర అంటే ఆమె చేతికి తెలిసింది ఆ ఒక్క మనిషే. ఆ బొమ్మ గీసింది ఆమె తల కాదు, చెయ్యే. రంగు వేయకపోయేసరికి తెల్లధోవతి కూడా కుదిరిపోయింది.

లింబాద్రి సేటు అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? కోప్పడితే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అవుతుంది కదా. బుట్టలోంచి అన్నిటికంటే పెద్ద చక్కెర పేరు ఏరి, సత్తి మెడలో తనే వేశాడు. బుగ్గ కూడా గిల్లాడు.

"శెబాష్ బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత వెళ్ళిపోతూ గంగామణి పక్కన ఆగి, నవ్వు ముఖం మార్చకుండానే, "రేపు పొద్దుగాల గద్దె కాడికి రా" అన్నాడు.

స్తంభం కథ ఆ రోజు ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

*

గద్దె మీద సేటు అచ్చం బొమ్మలాగే కూర్చున్నాడు. ఎడమ మోకాలు, ఉంగరాల చెయ్యి, దిండు. గంగామణి అటు చూడలేక నేల చూసింది. తలుపు చాటున శంకరమ్మ గాజుల చప్పుడు వినపడింది.

"గోడ మీద బొమ్మలు ఎవలు గీసిండ్రు పంతులమ్మా?"

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదేమో, కాళ్ళ మీద పడి తప్పయింది అనేసేది. మామూలుగా, పసుపు రకం అడిగినట్టు అడిగాడు. రాత్రంతా ఆమె తయారు చేసుకున్న మాటలు అన్నీ ఒక్కసారి ఎగిరిపోయాయి. గది కనపడింది. గదిలో గూట్లో పెట్టుకున్న అద్దం, పొయ్యి, తాళంకప్ప కనపడ్డాయి. ఆ తాళం ఇంకొకరి చేతికి పోవడం కనపడింది.

"కొన్ని నేను గీసిన సేటు. ఏనుగు గిట్ల."

"రాజును?"

"రాజును... పిల్లలే గీసిండ్రు సేటు. నేను సూస్కోలె."

"ఏ పిల్ల?"

ఆయన అడిగింది ఒక్క పేరు. చెప్పకుండా ఉండడానికి ఎంతసేపు పడుతుంది? ఎప్పటికీ చెప్పకపోతే సరిపోయేది. గంగామణి మాత్రం చెప్పింది.

"సత్తి సేటు. మంగవ్వ బిడ్డ."

"అయిదేండ్ల పిల్ల!"

"అవు సేటు."

లింబాద్రి సేటు ఆమెను నింపాదిగా చూశాడు. మెరుగు సరిగ్గా పట్టిందో లేదో కొమ్మును తిప్పి చూసినట్టు చూశాడు. "మస్తు చెయ్యి ఉన్నది దానికి" అన్నాడు. "సరే, ఉగాది వస్తుంది గద, గోడలకు సున్నమెయ్యాలె. సామాను పంపిస్త. కూలిమనిషెందుకు, నువ్వే ఎయ్యి."

"ఏస్త సేటు."

బయటికి వచ్చాక ఆమెకు ఊపిరి ఆడింది. అలా ఆడినందుకు తన మీద తనకే రోత పుట్టింది. చిన్నపిల్ల కదా, చిన్నపిల్లను ఎవరేం చేస్తారు అని దారంతా తనకు తనే చెప్పుకుంది. చెప్పుకున్నంతసేపూ అబద్ధమని తెలుసు.

*

మరునాడు మధ్యాహ్నానికే మంగవ్వ వచ్చింది. ఈసారి గడప దాటి లోపలికి వచ్చింది. ఒంటి మీద పసుపు లేదు. పొద్దున్నే కల్లం గేటు దగ్గరే ఆపేశారట. నీ జాగల వేరేటామె వచ్చింది, నువ్వు రావద్దు అన్నారట. ఎందుకని అడిగితే, పోయి నీ బిడ్డెను అడుగు అన్నారట.

"బొమ్మ అదే గీసిందంటున్నరు పంతులమ్మా. దానికి బొగ్గు పట్టుకోను సుత రాదు."

గంగామణి పలకలు సర్దుతోంది. సర్దిన పలకలనే మళ్ళీ సర్దింది.

"నేను సూడంగనే అనుకున్న" అంది మంగవ్వ గొంతు తగ్గించి. "మా పంతులమ్మకు ఎంత ధైర్నమని. ఎన్నేండ్ల సంది సంచి ఊపుతున్న, ఆయన ముంగట మొకమెత్తి నిలబడలేదు. నువ్వు గోడ మీద పెట్టినవ్. గా రాత్రి బువ్వ తినుకుంట తల్సుకొని నవ్విన. ఎవ్వల్కి చెప్పలె. ఒట్టు, ఒక్కలకు సుత చెప్పలె."

తిట్టినా సహించేది. జుట్టు పట్టుకుని గుంజినా నిలబడేది. ధైర్యమన్న మాటకు మాత్రం గంగామణి చేతిలోని పలక జారి కింద పడింది. ధైర్యం లేదు మంగవ్వా, నాకు తెలియకుండా చెయ్యి గీసింది, తెలిశాక నీ బిడ్డ పేరు చెప్పాను. అనాల్సిన ఆ మాట అనకుండా వంగి పలక తీసుకుంది.

"నువ్వు జర పోయి చెప్పు. నీ మాటింటడు. సదువుకున్నదానివి."

"ఉగాది దాటనియ్యి మంగవ్వా. దాటినంక చెప్త."

"ఉగాది దాక ఏం తినాలె?"

గంగామణి మళ్ళీ పలకల వైపు తిరిగింది. మంగవ్వ ఆమె ముఖంలోకి చూసింది. అప్పుడు ఆమె కళ్ళలో ఏదో వెలిగి, వెంటనే ఆరింది. ఎవరు ఏం చెప్పారో ఆమెకు తెలిసిపోయింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. గంగామణి ఉలికిపాటే ఆమెకు సాక్ష్యం.

"మోర్తాడ్ల మా అక్క బీడీలు చేస్తది" అంది. "గక్కడికి పోతం. పొద్దుమూకకముందే బస్సు ఎక్కాలె. రాయే సత్తీ."

సత్తి మెడలో ఇంకా సగం నాకిన చక్కెర పేరు ఉంది. గుమ్మం దాకా పోయి, తల్లి చెయ్యి విడిపించుకుని వెనక్కి తిరిగింది.

"దేవుడెప్పుడొస్తడు పంతులమ్మా? పున్నమ నాడు చెప్త అన్నవ్."

"చెప్త బిడ్డా. చెప్త" అంది గంగామణి. తల్లి పిలిచేసరికి పిల్ల వెళ్ళిపోయింది.

*

సేటు పంపిన సున్నపురాళ్ళు గోళెంలో బుసబుసలాడి ఉడికాయి. ఈతమట్ట కొస దంచి కుంచె చేసుకుని, పిల్లలు ఇళ్ళకు పోయాక గంగామణి గోడ ముందు నిలబడింది.

మొదట రాజు మీదికే వెళ్ళింది. రెండు దెబ్బలకు బొగ్గుగీత కరిగి సున్నంలో కలిసిపోయింది. మోకాలు పోయింది, ఉంగరాల చెయ్యి పోయింది, గద్దె పోయింది. రంగు లేని మనిషి కదా, అక్కడ ఎవరూ ఎప్పుడూ లేనట్టే తెల్లగా అయిపోయింది. ఇంత తేలికైన పనికా ఇంత అన్యాయం జరిగిందని ఆమెకు ఏడుపొచ్చింది.

ఆ ఊపులోనే స్తంభం మీద, భటుల మీద కుంచె లాగింది. లాగిన మరుక్షణం ఆగిపోయింది.

పసుపులో సున్నం పడితే ఏమవుతుందో ఆర్మూరులో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ప్రతి పెళ్ళికీ పారాణి అలాగే కలుపుతారు. గంగామణి తన చేత్తో ఎంతమంది కాళ్ళకో కలిపింది. తుడిచేయాలన్న తొందరలో అంత మాత్రం గుర్తు రాలేదు. స్తంభం మీది చిన్న చేతులన్నీ ఒక్కొక్కటే ఎర్రబారాయి. భటుల చేతులు వేళ్ళ కొసల నుంచి మోచేతి దాకా రక్తంలో ముంచినట్టు తేలాయి. కంగారు పడి రెండో పూత వేసింది. తుమ్మబంక నానిందేమో, ఎరుపు దాన్ని కూడా తాగి పైకి వచ్చింది. మూడో పూత వేసేసరికి చీకటి పడింది. సున్నానికి వేళ్ళు పగిలి మండుతున్నాయి. తెల్లారేసరికి ఆరి తెల్లబడుతుందిలే అనుకుని పడుకుంది.

తెల్లబడలేదు. పొద్దున్నే వచ్చిన పిల్లలు గుమ్మంలోనే నిలబడిపోయారు. మధ్యలో గద్దె లేదు, రాజు లేడు. పక్కన స్తంభం ఎర్రగా ఉంది.

"దేవుడొచ్చిండు!" అని సాలోమోను కేక పెట్టాడు. "దేవుడొచ్చి రాజును సంపిండు!"

గోదాము దద్దరిల్లింది. పిల్లలు గెంతారు, చప్పట్లు కొట్టారు, ఎర్రచేతుల మీద తమ చేతులు ఆనించి ఎవరి చెయ్యి ఏదో వెతుక్కున్నారు. కథ ఆమె చెప్పకుండానే తనంతట తనే ముగిసినట్టు వాళ్ళ సంబరం. "గీ చెయ్యి సత్తిది!" అని ఒక పిల్ల అరిచింది. "సత్తి ఏది పంతులమ్మా? సత్తి సూడలె గద!"

గంగామణి జవాబు వెతుక్కునేలోపే సంబరం ఆగిపోయింది. గుమ్మంలో లింబాద్రి సేటు నిలబడి ఉన్నాడు. ఉతికిన ధోవతి, నల్ల టోపీ. గోడను మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు.

పిల్లల ముందు, సత్తి చెయ్యి పక్కన నిలబడి ఉండడం వల్లనేమో, గంగామణి నోరు పెగిలింది.

"సేటు, మీకొక మాట చెప్పాలె. రాజు బొమ్మ గీసింది నేను. సత్తి కాదు. గా దినం భయానికి అబద్ధమాడిన. మంగవ్వను మల్ల పనిల పెట్టుకోండ్రి. నన్ను తీసేస్తే తీసెయ్యుండ్రి."

చెప్పేసింది. ఒళ్ళు తేలికైంది. ఇక గది పోయినా సరే అనుకుంది. నిజంగానే అనుకుంది.

లింబాద్రి సేటు ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకే" అన్నాడు. "అయిదేండ్ల పిల్ల గట్ల గీస్తదా? గా దినమే ఎరుక. నీ నోట్లెకెళ్ళి ఏమొస్తదో ఇందామని అడిగిన."

"మరి మంగవ్వను..."

"నలుగురు నవ్విండ్రమ్మా. ఎవల్నో ఒగల్ని పంపియ్యకపోతే రేపు కల్లంల నా మాట ఎవలింటరు? నిన్ను పంపిస్తే సదువు చెప్పెటామె మల్ల ఏడ దొరుకుతది? బ్లాకు అమ్మగారు నీ పేరే జపం చేస్తుంది. మెరుగు పట్టెటోళ్ళు పొద్దుగాల లేస్తే గేటు కాడ పది మంది." జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "శంకరమ్మ నిన్ననే దస్కతు చేసింది. పని మంచిగ చేస్కో." వెళ్ళబోతూ గోడ చూసి ఆగాడు. "సున్నంల జర బెల్లం కలుపు, గట్టిగ పడ్తది. ఇంకో రెండు పూతలు ఎయ్యి."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా పిల్లలు గుమ్మం వైపే చూశారు. గంగామణి బల్ల మీద కాగితం చూసింది. తన నిజం ఆయనకు అక్కర్లేదు, అబద్ధాన్నీ ఆయన నమ్మలేదు. రెండూ ఆయనకు ముందే తెలుసు. తెలియనిది ఆమెకే. కాగితం చించేయాలనుకుంది. చించలేదు. గోళెం దగ్గరికి పోయి, ఎండిపోయిన కుంచెను సున్నంలో ముంచింది.

సాలోమోను వచ్చి ఆమె కొంగు పట్టుకుని లాగాడు. ముఖం చిన్నబోయి ఉంది.

"పంతులమ్మా, గాయన మల్లొచ్చిండేంది? రాజు సావలేదా?"

గంగామణి వాడి వైపు తిరిగింది. పాతిక మంది పిల్లలు ఆమె నోటి వైపే చూస్తున్నారు. కాదు, ఇరవై నాలుగు మంది.

"లేదు బిడ్డా" అంది. ఈసారి అబద్ధం చెప్పలేదు.